2017 మ్యాక్‌బుక్ ఎయిర్: పాత గేములు, తెలుగు టైపింగు, అనంతపురం ఎండలు

తమ్ముడూ, తర్వాత చదివేవాళ్లకు కూడా తెలియాలి కాబట్టి ముందు నీ ప్రశ్నను కుదించి చెప్తా. అనంతపురంలో డిగ్రీ చదువుతున్నావు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో పాత మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నావు. 2017 మోడల్, 8 జీబీ ర్యామ్, 128 జీబీ డిస్కు, మాంటెరే అనే మ్యాక్ ఓఎస్ వేసి ఇచ్చారు. పాత గేములు తెరిస్తే 'డెవలపర్ దీన్ని అప్‌డేట్ చేయాలి' అనే మాట వచ్చి మూసుకుంటున్నాయి. నాన్న డీటీపీ ఫైళ్లలో తెలుగు బదులు పిచ్చి అక్షరాలు కనిపిస్తున్నాయి. తెలుగు ఎట్లా కొట్టాలో తెలియడం లేదు. మధ్యాహ్నమైతే ఫ్యాన్ రొద, చార్జింగులో ఉంటే బాడీ జుమ్మంటోంది, డిస్కేమో నిండిపోతోంది.

వీటికి ఒక్కోదానికి ఒక్కో ఆప్ వెతుకుతున్నావు. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఏ పని ఏ మ్యాక్ ఓఎస్ మీద చేయాలి అనేది. అది తేలితే గేముల గొడవ మొత్తం, డీటీపీ గొడవ సగం తీరిపోతాయి.

నీ మిషన్ 2017 జూన్‌లో వచ్చింది. అడుగున ఎ1466 అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. 1.8 గిగాహెర్ట్జ్ ఐ5, రెండు కోర్లు, ఇంటెల్ హెచ్‌డీ 6000 గ్రాఫిక్స్. ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి పెంచడం కుదరదు. డిస్కు మాత్రం మార్చుకోవచ్చు. సియెర్రాతో పుట్టి మాంటెరే దాకా అధికారికంగా ఆరు ఓఎస్‌లు నడుపుతుంది. ఈ ఆరింటి మధ్యలో ఒక గోడ ఉంది: 2018 మొజావేకీ 2019 కాటలీనాకీ మధ్య. మొజావే దాకా 32 బిట్ ప్రోగ్రాములు (నీ పాత గేముల్లాంటి పాత తరంవి) నడిచేవి. కాటలీనాలో ఆపిల్ వాటిని పూర్తిగా తీసేసింది. నీ గేములు చెడిపోలేదు, గోడకు అవతల ఉండిపోయాయి. సెట్టింగు మార్చినా ఫైలును మళ్లీ దించుకున్నా మాంటెరేలో అవి తెరుచుకోవు.

అందుకని మాంటెరేను తీసేసి మొజావే వేసుకోమని కొందరు చెప్తారు. వద్దు. మొజావేకు 2021 తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు. కొత్త బ్రౌజర్లు ఎక్కవు. బ్యాంకు పనులు, కాలేజీ పోర్టళ్లు దాని మీద చేయకూడదు. లోపలి డిస్కులో మాంటెరేను అట్లే ఉంచి, మొజావేను బయటి ఎస్‌ఎస్‌డీలో వేసుకో. నీ మిషన్‌లో టీ2 అనే సెక్యూరిటీ చిప్ లేదు కాబట్టి బయటి డిస్కు నుంచి బూట్ కావడానికి ఏ అడ్డూ ఉండదు. రెండు యూఎస్‌బీ పోర్టులూ 3.0వే, సెకనుకు 5 గిగాబిట్లు. ఈ గేములకు అది చాలు. పెన్‌డ్రైవ్‌లో మాత్రం ఓఎస్ నడపొద్దు. చిన్నచిన్న ఫైళ్లు రాసేటప్పుడు పెన్‌డ్రైవ్ ఎంత నెమ్మదంటే, డెస్క్‌టాప్ కనిపించడానికే పది నిమిషాలు పడుతుంది.

కావాల్సినవి రెండే. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి (యూఎస్‌బీ 3 కేసుతో సహా), ఇన్‌స్టాలర్ కోసం 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి. మొజావే ఇన్‌స్టాలర్‌ను ఆపిల్ సపోర్టు పేజీలో ఉన్న లింకు నుంచే దించుకో. ఆ లింకు ఆప్ స్టోర్‌ను తెరుస్తుంది. ఒక్కోసారి 'దొరకలేదు' అంటుంది. అప్పుడు మిస్ట్ అనే ఉచిత ఆప్ వాడు, అది కూడా ఆపిల్ సర్వర్ల నుంచే దించుతుంది. స్నేహితుల దగ్గర ఉన్న పాత కాపీలు తీసుకోవద్దు. 2019 అక్టోబరుకు ముందు దించిన ఇన్‌స్టాలర్లలో సర్టిఫికెట్ గడువు తీరిపోయింది, సగంలో 'ఈ కాపీ పాడైంది' అని ఆగిపోతాయి. దించిన ఇన్‌స్టాలర్ మీద మాంటెరేలోనే డబుల్ క్లిక్ చేస్తే 'ఇది మరీ పాతది' అని తెరుచుకోదు. అది మామూలే. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి బూటబుల్‌గా ఎక్కించాలి. మిస్ట్‌లోనే ఆ సౌకర్యం ఉంది, టెర్మినల్ అలవాటున్నవాళ్లకు ఆపిల్ పేజీలో ఆదేశం కూడా ఇచ్చారు. పెన్‌డ్రైవ్‌ను ముందుగా మ్యాక్ ఓఎస్ ఎక్స్‌టెండెడ్ జర్నల్డ్, గైడ్ పార్టిషన్ మ్యాప్‌తో ఫార్మాట్ చేసి ఉండాలి.

తర్వాత మిషన్ ఆపు. పెన్‌డ్రైవ్, ఎస్‌ఎస్‌డీ రెండూ తగిలించి, ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని ఆన్ చెయ్యి. ఇన్‌స్టాలర్ బొమ్మ ఎంచుకో. (ఇక్కడ బొమ్మల బదులు తాళం గుర్తు, పాస్‌వర్డు పెట్టె వస్తే ఆ మిషన్‌కు ఫర్మ్‌వేర్ తాళం ఉన్నట్టు. అమ్మినవాళ్లతోనే తీయించాలి, రిపేరు షాపులో సులభంగా పోయేది కాదు.) ఇన్‌స్టాల్ నొక్కకముందే డిస్క్ యుటిలిటీ తెరువు. వ్యూ మెనూలో 'షో ఆల్ డివైసెస్' పెట్టు. ఎడమపక్క ఎస్‌ఎస్‌డీ పేరున్న అన్నిటికన్నా పై వరుసను ఎంచుకుని ఏపీఎఫ్‌ఎస్, గైడ్ పార్టిషన్ మ్యాప్‌తో ఎరేజ్ చెయ్యి. శానామంది తప్పు చేసేది ఇక్కడే. పై వరుస కనిపించక కింది వాల్యూమ్‌ను చెరుపుతారు, పార్టిషన్ మ్యాప్ పాతదే ఉండిపోతుంది, 'ఈ డిస్కు మీద వేయలేం' అని వస్తుంది. ఇంకో పెద్ద తప్పు, ఎస్‌ఎస్‌డీ అనుకుని మాకింతోష్ హెచ్‌డీని చెరిపేయడం. ఎరేజ్ నొక్కేముందు సైజు చూడు: లోపలిది 121 జీబీ, నీ ఎస్‌ఎస్‌డీ దానికి రెట్టింపు.

మొజావే ఎక్కాక మొదటిసారి తెరవగానే 'ఈ డిస్కు ఈ వెర్షన్‌కు సరిపడదు' అని ఒక హెచ్చరిక రావచ్చు. అది లోపలి మాంటెరే డిస్కు గురించి. కాటలీనా నుంచి ఆపిల్ డిస్కును విడగొట్టే తీరు మార్చింది, మొజావేకు అది అర్థం కాదు. ఓకే కొట్టి వదిలెయ్. మొజావేలో ఉండి లోపలి డిస్కు మీద ఫస్ట్ ఎయిడ్ మాత్రం ఎప్పుడూ నడపొద్దు. కొత్త తీరు డిస్కును పాత పనిముట్టుతో బాగుచేయబోతే ఉన్న డేటాకే ఎసరు. రెండు ఓఎస్‌లనూ ఒకే డిస్కులో రెండు వాల్యూములుగా పెట్టుకోవచ్చు, స్థలం కూడా అవే పంచుకుంటాయి. కానీ 128 జీబీలో ఆ ఇరుకు వద్దని నా గట్టి అభిప్రాయం.

ఇక గేములు. ఏది 32 బిట్టో మొజావేలో తెలుసుకోవచ్చు: ఆపిల్ మెనూలో ఆప్షన్ నొక్కి సిస్టం ఇన్ఫర్మేషన్ తెరిచి, సాఫ్ట్‌వేర్ కింద 'లెగసీ సాఫ్ట్‌వేర్' చూడు. గేములు అమ్మే స్టీమ్ మీద ఆశ పెట్టుకోవద్దు. 2024 ఫిబ్రవరి 15 నుంచి స్టీమ్ హై సియెర్రా, మొజావేలను వదిలేసింది. పోర్టల్, హాఫ్ లైఫ్ 2 లాంటివాటి మ్యాక్ వెర్షన్లు 32 బిట్‌వి. గేములేమో మొజావేలోనే నడుస్తాయి, వాటిని ఇచ్చే స్టీమేమో మొజావేలో నడవదు. అందుకే పాత గేములు కొనేటప్పుడు జీఓజీ అనే సైటులో కొనడం మేలు. అక్కడ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ ఇస్తారు, మాంటెరేలో దించుకుని ఎస్‌ఎస్‌డీలో దాచుకోవచ్చు. సంతకం లేని పాత ఇన్‌స్టాలర్లు మామూలుగా తెరుచుకోవు. రైట్ క్లిక్ చేసి ఓపెన్ నొక్కితే 'అయినా తెరువు' అనే అవకాశం వస్తుంది.

అసలు మొజావే లేకుండానే సగం పాత గేములు ఆడే దారి ఇంకొకటి ఉంది. మ్యాక్ వెర్షన్ బదులు అదే గేము విండోస్ వెర్షన్ తీసుకుని, విండోస్ ప్రోగ్రాములను మ్యాక్‌లో నడిపే క్రాస్ఓవర్ అనే ఆప్‌లో నడపడం. 2019 చివర్లో వచ్చిన క్రాస్ఓవర్ 19 నుంచి, 32 బిట్ విండోస్ ప్రోగ్రాములను కాటలీనా తర్వాతి ఓఎస్‌లలో కూడా నడపగలుగుతోంది. డబ్బులిచ్చి కొనాల్సిందే, కాకపోతే 14 రోజుల ట్రయల్ ఉంది. నీ గేము ఆ రెండు వారాల్లో సరిగ్గా నడిస్తేనే కొను. యూట్యూబులో చెప్పే విస్కీ అనే అలాంటి ఆప్ జోలికి పోవద్దు, అది ఎం1, ఆ తర్వాతి చిప్పులకే.

బూట్‌క్యాంప్ (మ్యాక్‌లో విండోస్ వేసుకోవడానికి ఆపిల్ ఇచ్చిన సౌకర్యం)లో విండోస్ 10 వేసుకుంటే వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్ తరం గేములు హాయిగా ఆడొచ్చు. జీటీఏ 5 మీద ఆశ వదులుకో, హెచ్‌డీ 6000కు అంత బలం లేదు. వాలరెంట్‌కు మ్యాక్ వెర్షన్ లేదు. కౌంటర్ స్ట్రైక్ 2ను 2023లో మ్యాక్‌కు ఇవ్వకుండానే విడుదల చేశారు. బూట్‌క్యాంప్‌కు కనీసం 64 జీబీ ఖాళీ కావాలి, నీ 128లో అది గొంతు దాకా వస్తుంది. విండోస్ 11 ఈ మిషన్‌కు అధికారికంగా రాదు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. కాబట్టి ఆ విండోస్‌ను గేములకూ నాన్న డీటీపీకీ మాత్రమే వాడు.

మాంటెరేలోనే నేరుగా ఆడుకునేవి కూడా బాగానే ఉన్నాయి. వెస్నోత్, ఓపెన్ టీటీడీ, సూపర్‌టక్స్‌కార్ట్ మూడూ ఉచితం, మూడూ ఈ మిషన్ మీద సాఫీగా నడుస్తాయి. 0 ఎ.డి. అందంగా ఉంటుంది గానీ సైన్యాలు పెరిగేకొద్దీ నత్తనడక. పాపులేషన్ హద్దును 100కు తగ్గించి ఆడు. భారం ఒకే కోరు మీద పడుతుంది కాబట్టి గ్రాఫిక్స్ తగ్గించినా పెద్దగా లాభం ఉండదు. మైన్‌క్రాఫ్ట్ జావాకు ప్రిజం లాంచర్ పెట్టి, వేగం పెంచే సోడియం మాడ్ వేసి, మెమరీ 3 జీబీకి కట్టిపెట్టు. ఎక్కువిస్తే వేగం పెరుగుతుందనుకోవద్దు. 8 జీబీలోనుంచే గ్రాఫిక్స్ చిప్ కూడా 1.5 జీబీ దాకా లాక్కుంటుంది, ఓఎస్‌కు ఊపిరాడదు. రెండర్ డిస్టెన్స్ 8. ఏ గేముకైనా స్క్రీను 1440, 900 బదులు 1280, 800 పెడితే ఫ్రేములు వెంటనే మెరుగవుతాయి.

కంట్రోలరు కొనాలనుకుంటే, పీఎస్4దీ బ్లూటూత్ ఉన్న ఎక్స్‌బాక్స్‌దీ కాటలీనా నుంచి నేరుగా కలుస్తాయి. మొజావేలో ఎక్స్‌బాక్స్ కంట్రోలరుతో తంటాలే.

ఇంకా పాతవి, అంటే 1990ల మ్యాక్ గేములు ఈ మిషన్‌లో ఏ ఓఎస్ వేసినా నడవవు, ఆ ప్రాసెసర్లే వేరు. వాటికి ఇన్ఫినిట్ మ్యాక్ అనే సైటు ఉంది. మొట్టమొదటి మాకింతోష్ సిస్టం నుంచి మ్యాక్ ఓఎస్ 9 దాకా బ్రౌజరులోనే తెరుచుకుంటాయి, ఏదీ వేసుకోనక్కర్లేదు. ఆపిల్ అభిమాని అన్నవాడు ఒక ఆదివారం దానికి కేటాయించాలి. మన ఊళ్లలో కంప్యూటర్ సెంటర్లలో డాస్ మీద ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఉంది కదా, 1989లో అది మొదట వచ్చింది ఆపిల్ 2 మీద. జోర్డాన్ మెక్నర్ ఒక్కడే దాదాపు మొత్తం రాశాడు. ఆ అసలు కోడును 2012లో అందరికీ అందుబాటులో పెట్టాడు కూడా. డాస్ వెర్షన్‌కు డాస్‌బాక్స్ చాలు. ఆపిల్ 2 వెర్షన్ చూడాలంటే వర్చువల్ 2 అనే ఎమ్యులేటరు ఉంది.

తెలుగుకు వద్దాం. మాంటెరేలో సిస్టం ప్రిఫరెన్సెస్, కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్‌లోకి పోయి ప్లస్ నొక్కు, తెలుగు ఎంచుకో. రెండు లేఅవుట్లు కనిపిస్తాయి. 'తెలుగు' అని ఉన్నది ఇన్‌స్క్రిప్ట్, 'తెలుగు క్వెర్టీ' అని ఉన్నది ఇంగ్లీషు శబ్దాన్ని బట్టి పోయేది. నీది చదువుకునే వయసు కాబట్టి ఇన్‌స్క్రిప్టే నేర్చుకో. విండోస్, లైనక్స్ అన్నిట్లో అదే ఉంటుంది, ఒకసారి చేతికి వస్తే మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. ఎడమ చేతికి అచ్చులూ గుణింతాలూ, కుడి చేతికి హల్లులూ ఎక్కువగా వచ్చేలా కట్టారు. 'అనంతపురం' కొట్టాలంటే షిఫ్ట్‌తో డి, తర్వాత వి, ఎక్స్, ఎల్, హెచ్, జి, జె, ఎక్స్. పొల్లు డి కీ మీద ఉంటుంది, 'కర్నూలు' కొడితే తెలుస్తుంది: కె, జె, డి, వి, టి, ఎన్, జి. రోజూ అరగంట కొడితే రెండు వారాల్లో కీబోర్డు చూడకుండా వస్తుంది. మెనూ బార్‌లో కీబోర్డ్ వ్యూయర్ తెరిచి పెట్టుకుంటే ఏ అక్షరం ఎక్కడుందో కనిపిస్తుంటుంది. భాష మార్చడానికి కంట్రోల్, స్పేస్. రొంత ఆలస్యమైనా ఫర్వాలేదు, ఈరోజే రాయాలి అనుకుంటే బ్రౌజరులో లేఖిని (ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే సైటు) తెరుచుకో.

'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట కింద వ ఒత్తుగా పడిపోతుంటే మధ్యలో కనపడని అక్షరం ఒకటి పెట్టాలి. దాని కోడు 200సీ. ఇన్‌పుట్ సోర్సెస్‌లో 'యూనికోడ్ హెక్స్ ఇన్‌పుట్' కూడా చేర్చుకుని, దానికి మారి, ఆప్షన్ పట్టుకుని 2, 0, 0, సి కొడితే వస్తుంది. ప్రతిసారీ ఇంత చేయనక్కర్లేదు. ఎక్కువగా వాడే మాటలను ఒకసారి సరిగ్గా కొట్టి, కీబోర్డ్ సెట్టింగుల్లో టెక్స్ట్ రీప్లేస్‌మెంట్‌లో దాచుకో.

ఈ కనపడని అక్షరానికి ఆపిల్ చరిత్రలో ఒక చోటుంది. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' మధ్యలో అదే చేరి, ఐఫోన్లనూ మ్యాక్‌లనూ కుప్పకూల్చింది. ఆ అక్షరాన్ని చూపించబోయిన ప్రతి ఆపూ మూసుకుపోయేది, మెసేజ్ వస్తే మెసేజెస్ ఆప్ మళ్లీ తెరుచుకునేది కాదు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6, హై సియెర్రాకు 10.13.3 సప్లిమెంటల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ఎవరైనా హై సియెర్రానే వాడుతుంటే 10.13.6 దాకా అప్‌డేట్ చేసుకునే తెలుగు పని మొదలుపెట్టాలి. నీ మొజావేకు, మాంటెరేకు ఆ భయం లేదు.

నాన్న ఫైళ్ల సంగతి. అవి అను ఫాంట్లతో చేసినవి. అను తెలుగు యూనికోడ్ (ఏ కంప్యూటరులోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంటు. ఫాంటు లేని చోట అడుగున ఉన్న ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి, నువ్వు చూసిన పిచ్చి అక్షరాలు అవే. ఫైలు పాడవలేదు, నాన్నకు ఆ మాట చెప్పు. ఫాంట్ ఫైళ్లను ఫాంట్ బుక్‌లో వేస్తే చూడ్డానికి సరిపోతుంది. దిద్దడానికి మాత్రం అను కీబోర్డు కావాలి, అది విండోస్ సాఫ్ట్‌వేర్. పేజ్‌మేకర్ 7ను కూడా విండోస్‌లోనే నడపాలి, అది 2001 నాటిది. దానికి బూట్‌క్యాంప్ అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. వర్చువల్‌బాక్స్‌లో (మ్యాక్ లోపలే ఇంకో కంప్యూటరులా నడిపే ఆప్) విండోస్ 7 పెట్టి, 2 జీబీ మెమరీ, 25 జీబీ డిస్కు ఇస్తే పెళ్లి పత్రికలు, కరపత్రాల పని నడిచిపోతుంది. ఆ వర్చువల్ మిషన్‌కు ఇంటర్నెట్ ఆపేసి ఉంచు. అసలు విండోస్ కంప్యూటరు షాపులో ఉంటే పని అక్కడే కానీ, ఇటు మార్చాలని పట్టుబట్టొద్దు.

కొత్తగా చేసే పనిని యూనికోడ్‌లో మొదలుపెట్టొచ్చు. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి: మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, సురన్న, పెద్దన, తిమ్మన, ధూర్జటి. పత్రికల్లో చదివే మ్యాటర్‌కు మండలి నిండుగా ఉంటుంది, పెద్ద అక్షరాల ఫ్లెక్సీకి రామభద్ర. అడోబీలో తెలుగు పెట్టగానే ఒత్తులు విడిపోయి పక్కన పడితే ఫాంటును తిట్టొద్దు, కంపోజర్ మార్చాలి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'అడోబీ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్'. ఫోటోషాప్‌లో ప్రిఫరెన్సెస్, టైప్‌లో 'వరల్డ్ రెడీ లేఅవుట్', పాత వెర్షన్లలో అదే 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' పేరుతో ఉంటుంది. ఇలస్ట్రేటర్‌లో ముందు టైప్ ప్రిఫరెన్సెస్‌లో 'షో ఇండిక్ ఆప్షన్స్' టిక్కు పెట్టాలి. అడోబీకి డబ్బులు పెట్టలేకపోతే స్క్రైబస్ 1.6 ఉచితం, ఒత్తులు సరిగ్గా పడతాయి. ప్రింటింగుకు ఇచ్చేటప్పుడు అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి (ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చి పీడీఎఫ్ ఇవ్వు. కర్వ్స్ చేయని ఫైలు వాళ్ల మిషన్‌లో ఇంకో ఫాంటుతో తెరుచుకుని, ఫ్లెక్సీ ప్రింటయ్యాక గానీ తప్పు బయటపడదు. కర్వ్స్ చేసిన కాపీని వేరే పేరుతో దాచు, దాంట్లో అక్షరాలు మళ్లీ దిద్దలేవు.

ఎండల సంగతి. ఆపిల్ చెప్పిన లెక్క ప్రకారం ఈ మిషన్ 10 నుంచి 35 డిగ్రీల గదిలో పనిచేయాలి. ఏప్రిల్, మేలో మన ఊరు 40 దాటుతుంది. కాబట్టి మధ్యాహ్నం ఫ్యాన్ మోగడం రోగం కాదు. గాలి వచ్చిపోయే దారి స్క్రీన్ కీలు వెనకాల ఉంది. పరుపు మీద పెడితే దుప్పటి ఆ సందును మూసేస్తుంది. తాడిపత్రి బండ పరిచిన నేల మీద పెట్టు, లేదా నాపరాతి ముక్క ఒకటి టేబుల్ మీద వేసుకుని దాని మీద పెట్టు. అడుగున ఉన్న అల్యూమినియం వేడిని రాయి బాగా లాగుతుంది, కూలింగ్ ప్యాడ్ కొనే అవసరమే రాదు. యాక్టివిటీ మానిటర్‌లో కెర్నల్ టాస్క్ సీపీయూ అంతా తింటున్నట్టు కనిపిస్తే దాన్ని ఆపాలని చూడొద్దు. చిప్ వేడెక్కినప్పుడు మిగతా ప్రోగ్రాములకు పని తగ్గించడానికి ఓఎస్ తానే చేసే ఏర్పాటు అది. కానీ మిషన్ చల్లగా ఉన్నా, తెల్లవారుజామున కూడా అదే కనిపిస్తే సెన్సరో బ్యాటరీయో దెబ్బతిన్నట్టు. ముందు ఎస్‌ఎంసీ (పవరు, ఫ్యాను చూసుకునే చిప్) రీసెట్ చెయ్యి: మిషన్ ఆపి, ఎడమవైపు షిఫ్ట్, కంట్రోల్, ఆప్షన్ మూడూ పట్టుకుని పవర్ బటన్‌తో కలిపి 10 సెకన్లు నొక్కి వదులు. తగ్గకపోతే డి కీ పట్టుకుని ఆన్ చేసి డయాగ్నస్టిక్స్ నడుపు, వచ్చిన కోడు రాసుకో.

ఎండాకాలం మూడు నెలలూ టర్బో బూస్ట్ స్విచ్చర్ అనే ఆప్ పెట్టి టర్బో (ప్రాసెసర్ కాసేపు వేగం పెంచుకోవడం) ఆపేయడం మంచి పని. టైపింగు, చదువు, వీడియోలకు తేడా తెలియదు, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. ఆడేటప్పుడు మళ్లీ ఆన్ చేసుకో. ఇన్నేళ్ల మిషన్ కాబట్టి ఒకసారి విప్పి ఫ్యాన్ దుమ్ము తీయాలి, థర్మల్ పేస్టు మార్చాలి. అడుగు పలకకు పది పెంటలోబ్ పీ5 స్క్రూలు. కీలు వైపు మధ్యలో ఉన్న రెండూ పొడుగు, 9 మిల్లీమీటర్లవి, మిగతా ఎనిమిదీ పొట్టివి. కలిపేసుకుంటే పొడుగుది తప్పు చోట దిగి లోపల దెబ్బతీస్తుంది. తెరవగానే మొదట బ్యాటరీ కనెక్టర్ విడదియ్యి, ఆ తర్వాతే మిగతా పని. టచ్‌ప్యాడ్ నొక్కు పడకపోవడం, అడుగు పలక ఉబ్బినట్టు ఉండడం కనిపిస్తే బ్యాటరీ పొంగుతోంది. ఆరోజు నుంచే చార్జింగు ఆపి మార్పించు, గుచ్చడం గానీ వంచడం గానీ చేయొద్దు. బ్యాటరీ 1000 సైకిళ్లకు లెక్క, సిస్టం ఇన్ఫర్మేషన్‌లో పవర్ కింద ఎన్నయ్యాయో ఉంటుంది. చార్జింగును తనంతట తాను అదుపు చేసే బ్యాటరీ హెల్త్ మేనేజ్‌మెంట్ థండర్‌బోల్ట్ 3 ఉన్న ఇంటెల్ మ్యాక్‌లకే ఇచ్చారు, నీ దాంట్లో లేదు. ఆల్డెంటె ఆప్‌తో 80 శాతం దగ్గర ఆపుకో.

బాడీ జుమ్మనడానికి కారణం ఎర్తు లేకపోవడం. చార్జరుకు రెండు పిన్నుల ముక్క తగిలిస్తే అంతే. మూడు పిన్నుల పొడుగు వైరు తగిలిస్తే చార్జరు మీదున్న లోహపు బొడిపె ద్వారా ఎర్తు అందుతుంది, జుమ్మనడం ఆగిపోతుంది. ఆగకపోతే నీ గోడ ప్లగ్గులోనే ఎర్తు లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. చార్జింగులో ఉన్నప్పుడు కర్సరు గెంతులేస్తుంటే కూడా ముందు ఇదే చూడు, తర్వాత డూప్లికేటు చార్జరును అనుమానించు. సిస్టం ఇన్ఫర్మేషన్‌లో పవర్ కింద చార్జరు 45 వాట్లు అని, తయారీదారు పేరుతో సహా కనిపించాలి.

డిస్కు నిండడానికి వస్తే, స్టోరేజ్‌లో 'సిస్టం డేటా' 40, 50 జీబీ చూపిస్తుంటే చాలావరకు టైమ్ మెషిన్ (మ్యాక్ బ్యాకప్ ఆప్) దాచిన స్నాప్‌షాట్లే అయి ఉండొచ్చు. మాంటెరే డిస్క్ యుటిలిటీలో వ్యూ, 'షో ఏపీఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్స్' పెట్టి, డేటా వాల్యూమ్ ఎంచుకుని చెరుపు. తర్వాత ఐఫోన్ బ్యాకప్‌లు చూడు. పాటలు, ఫోటోలకు ఎస్‌డీ స్లాటులో పూర్తిగా ఇమిడిపోయే జెట్‌డ్రైవ్ లైట్ 130 కార్డు బాగుంటుంది, గేములకు అది నెమ్మది. లోపలి డిస్కునే మార్చాలనుకుంటే ఆపిల్ కనెక్టరుకు సరిపడే అడాప్టరు పెట్టి మామూలు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేసుకోవచ్చు. మిషన్ ఫర్మ్‌వేర్ హై సియెర్రా తర్వాతిదై ఉండాలి, మాంటెరే ఎక్కింది కాబట్టి నీది అయి ఉంటుంది. అడాప్టరు పూర్తిగా దిగకపోతే డిస్కు కనిపించదు. శానామందికి వచ్చే ఇబ్బంది అదే, డిస్కును తప్పుపట్టి తిరిగి ఇచ్చేస్తుంటారు.

చివరిగా నువ్వు అడగకపోయినా చెప్పాల్సింది. మాంటెరేకు ఆఖరి అప్‌డేట్ 12.7.6, 2024 జూలైలో వచ్చింది. కొత్త ఓఎస్ కావాలంటే ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ (పాత మ్యాక్‌ల మీద కొత్త ఓఎస్‌లు ఎక్కించే ఆప్)తో సెకోయా దాకా వేయొచ్చు, ఈ మిషన్ మీద బాగానే నడుస్తుంది. ఒప్పుకుని దిగాల్సిన షరతులున్నాయి. ఇన్‌స్టాల్ తర్వాత రూట్ ప్యాచ్ (ఆపిల్ తీసేసిన డ్రైవర్లను మళ్లీ చేర్చడం) వేస్తే గానీ గ్రాఫిక్స్ పనిచేయదు, అప్పటిదాకా కిటికీ లాగితే మెట్లుమెట్లుగా కదులుతుంది. సొనోమా నుంచి ఈ మిషన్ వైఫై డ్రైవర్లు కూడా తీసేశారు, ప్యాచ్ పడేదాకా వైఫై రాదు. కాబట్టి ప్యాచర్ ఆప్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో, యూఎస్‌బీ ఈథర్నెట్ అడాప్టరు ఒకటి చేతిలో ఉంచుకో. ప్రతి అప్‌డేట్ తర్వాత ప్యాచ్ ఎగిరిపోతుంది, మళ్లీ వేయాలి. చిన్న అప్‌డేట్ కూడా 12 జీబీ పైన మొత్తంగా దిగుతుంది, మొబైల్ డేటాతో చేయలేవు. పరీక్షల ముందు ఈ పని పెట్టుకోవద్దు. టైమ్ మెషిన్‌తో వేరే హార్డ్ డిస్కులోకి పూర్తి బ్యాకప్ తీసి, దాన్నుంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూసుకున్నాకే మొదలుపెట్టు. ఎక్కడైనా ఆగిపోతే స్క్రీన్ మీద వచ్చిన మాటను అక్షరం పొల్లుపోకుండా రాసి, ఏ అడుగులో వచ్చిందో చెప్పు.